మన్నిక యెవరి పూచీ?

మదీనా కూడలినుండి చార్‌కమానుల వైపు నడచువారికి ఇరుప్రక్కల కనిపించు రాతి కమానుల బారే పత్తర్‌గట్టి. క్రింద దుకాణములు, పైన గదులు, కమానుల చాటున బాటసారికి ఇంత నీడ. పెండ్లి బట్టలకును, ముత్యములకును, అత్తరులకును ఈ బజారునకు నగరవాసులేగాక జిల్లాలనుండియు జనము వచ్చుచుందురు. బట్టల దుకాణములో పెద్దవారు గుడ్డను రెండు వ్రేళ్ల నడుమ నలిపి చూచి అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇది మన్నుతుందా?" రంగును, వెలయు తరువాతి మాటలు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఎదుటనే దిండునకు జేరబడి కూర్చుండి యుండును. మన్నకపోయినచో మరల ఎవరి గుమ్మము త్రొక్కవలెనో కొన్నవారికి తెలియును.

ఈ మన్నికయే నేడు పాఠ్యగ్రంథములలోను, ప్రభుత్వ ప్రకటనలలోను ‘సుస్థిరత’ అను పేరుతో తిరుగుచున్నది. సుస్థిరాభివృద్ధి, సుస్థిర నగరము, సుస్థిర వ్యవసాయము - ఈ మాటలు రాని ఉపన్యాసము నేడు అరుదు. పేరు పెద్దదైనది గాని, ఎదుట కూర్చుండి జవాబు చెప్పువాడు మాత్రము మాయమైనాడు. మన్నకపోయినచో ఎవరి గుమ్మము త్రొక్కవలెను?

మాటను గూర్చి ఒక మాట. సుస్థిరమనగానే విద్యార్థికి కదలనిది, మారనిది అని స్ఫురించును. ‘స్థా’ ధాతువు అటువంటిది. కాని ఉతికి ఆరవేసిన గుడ్డ మన్నుట వేరు, పెట్టెలో దాచిన గుడ్డ మాయకుండుట వేరు. వాడుకలో నలుగుచు, అవసరమైన చోట కుట్టు వేసికొనుచు నిలుచుటయే మన్నిక. 1713లో జర్మనీలోని సాక్సనీ సీమలో గనుల శాఖాధికారియైన కార్లోవిట్జ్ అడవులను గూర్చి ఒక గ్రంథము వ్రాసినాడు. వెండి కరిగించు కొలుములకు కలప చాలక అడవులు తరిగిపోవుచున్న కాలమది. ఎంత పెరుగునో అంతకు మించి నరుకరాదని ఆయన చెప్పినాడు. ఆయన వాడిన మాటయే ఈ భావమునకు మూలమని పండితులు చెప్పుదురు. 1987లో నార్వే ప్రధానిగానుండిన శ్రీమతి బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి సంఘము, నేటివారి అవసరములు తీరవలెను గాని రేపటివారి అవసరములకు గండి పడరాదని నిర్వచించినది. నిర్వచనము నిర్దుష్టమే. కాని నేడు తీర్చుకొనువారెవరు? రేపు గండి పూడ్చువారెవరు? ఆ ఇద్దరును ఒక్కరే కానిచోట ఈ నిర్వచనమెట్లు అమలగును? దీనికి జవాబు వెదకుటకు పరదేశము పోనక్కరలేదు. పత్తర్‌గట్టి రాళ్ల వెనుకనే ఆ కథ యున్నది.

పత్తర్‌గట్టికి మూసీనది కూతవేటు దూరము. 1908 సెప్టెంబరు 28న ఆ నది నగరముపై బడినది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడును కొట్టుకొనిపోయినవి. చనిపోయినవారు పదునైదువేలమంది యుందురని వాడుకలోనున్న అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది బ్రదికిరని నేటికిని పాతబస్తీలో చెప్పుకొందురు. ఆ విపత్తు తరువాత నగరమును తిరిగి దిద్దుటకై 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. ఇరుకు సందులను వెడల్పు చేసి, పేటలను తీర్చి, ఆ మండలి చేసిన పనులలో పత్తర్‌గట్టి ఒకటి. నల్లరాతితో, ఒకే ఎత్తున, ఒకే తీరున కమానులు కట్టి, ఒక్కొక్క దుకాణము ఒక్కొక్కరిదైనను బజారు ముఖము మాత్రము అందరిదని ఆ కట్టడము చాటినది.

ఆ ముఖమును దిద్దుటకు ముందే మరొక పని ఆరంభమైనది. 1909లో నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన నగరమునందు నిలిచి వరదను చూడలేదు. నదీపరీవాహక ప్రాంతమునకు పోయి చూచినారు. అచ్చట 788 చెరువులుండెను - ఇంచుమించు చదరపు మైలునకొక చెరువు. వానిలో 221 చెరువుల కట్టలు ఆ వానలో తెగినవి. గొలుసుకట్టు చెరువుల గుణము పల్లెలయందు పెరిగినవారికి చెప్పనక్కరలేదు. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును నింపును. పై చెరువు కట్ట తెగినచో క్రింది కట్టయు తెగును. 1908లో నగరముపై బడినది ఆకాశమునుండి దిగిన నీరు మాత్రమే కాదు, కట్టలు తెగిన చెరువులన్నియు ఏకమై వచ్చినవి. కావుననే ఆయన నగరమునకు గోడలు కట్టుమనుటతో సరిపెట్టక, నదికి ఎగువన నీటిని పట్టి నిలుపు జలాశయములు కట్టుమనిరి. ఆ సలహా ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. మొదటిదానినే జనులు గండిపేట యందురు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. నిండియున్న కుండలో నీరు పోసిన పొర్లిపోవును. వరదను పట్టవలసిన జలాశయములో ఖాళీ యుండవలెను. ఆ ఖాళీ ఎన్నియో ఏండ్లు వృథాగా కనిపించును. చుట్టునున్న నేల బీడుగా, లాభము లేనిదిగా కనిపించును. పండ్రెండేండ్లకో ఇరువదియేండ్లకో ఒక రాత్రి మాత్రము ఆ ఖాళీయే నగరమును కాపాడును. కట్టినదానిని కాపాడుట అందరికిని అర్థమగును. కట్టకుండ విడిచినదానిని కాపాడుట అర్థమగుట కష్టము. దానికి శంకుస్థాపన లేదు, ప్రారంభోత్సవము లేదు, శిలాఫలకము లేదు.

మరి ఆ 788 చెరువులను అంతకుముందు ఎవరు కాపాడిరి? తెలుగునాట చెరువు సప్తసంతానములలో ఒకటి. బిడ్డను కనినవాడు పెంచవలెను. చెరువు త్రవ్వించినవాడు దానిని పోషించు దారి కూడ చూపవలెను. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము కడప సీమలో నేటికిని నిలిచియున్నది. విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు త్రవ్వించిన చెరువునకు సంబంధించిన ఆ శాసనములో చెరువునకుండవలసిన పండ్రెండు అంగములు, ఉండరాని ఆరు దోషములు చెప్పబడినవి. ఇంతకంటె ముఖ్యమైనది దసబంధమను ఏర్పాటు. చెరువును కట్టించినవానికో, మరమ్మతు చేయువానికో ఆ చెరువు క్రింది భూమిలో కొంత భాగము ఇచ్చి, కట్టను చక్కగా నుంచు బాధ్యతను ఆ భూమికే ముడివేసెడివారు. కట్ట తెగినచో ఆతని మడియు ఎండును. అనగా పూచీపడినవానికి ఫలములో భాగము, ఫలము తినువానిపై పూచీలో భాగము. ఈ ఏర్పాటులో అన్యాయములు లేవని కాదు; కులము, అధికారము, వెట్టి దానిలోను దూరినవి. కాని ముడి యుండెను. నీరటికాడు తూము తెరచినపుడు ఆతనికి ధాన్యమిచ్చు రైతు కళ్లెదుటనుండెను.

నగరము పెరిగినకొలది ఆ ముడి వీడినది. చెరువు క్రింద మడులు లేవు, ఇండ్ల స్థలములున్నవి. మడి గలవానికి చెరువు నిండుట మేలు. స్థలము గలవానికి చెరువు ఎండుట మేలు. 2020 అక్టోబరు వానలలో బాలాపూరు ప్రాంతమున గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలోని హఫీజ్‌బాబానగర్ మున్నగు పేటలు మునిగినవి. విశ్వేశ్వరయ్యగారు చెప్పిన కథయే నూటపండ్రెండేండ్ల తరువాత చిన్న రూపమున మరల జరిగినది. 2024 జూలైలో ‘హైడ్రా’ అను సంస్థను ప్రభుత్వము నెలకొల్పి చెరువుల ఆక్రమణలు తొలగింప బూనినది. మంచిదే. అయితే కూల్చుటకు ఒక సంస్థ యున్నది. ఏటేట కట్టను చూచి, అలుగును శుభ్రపరచి, ‘ఈ చెరువు నాది’ అను మనిషి యొక్కొక్క చెరువునకును ఎవరు?

ఇక జంట జలాశయముల మాట. 1996 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు జారీ చేసినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టు పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యము వెదజల్లు పరిశ్రమలను, పెద్ద కట్టడములను అది నిషేధించినది. మరుసటి యేడే ప్రభుత్వము ఒక నూనెల కర్మాగారమునకు ఆ నిషేధమునుండి మినహాయింపు ఇచ్చినది. తాను గీసిన గీతను తానే దాటిన ఈ వ్యవహారము సుప్రీంకోర్టుకెక్కినది. 1999లోను, 2000లోను వెలువడిన తీర్పులలో న్యాయస్థానము ఆ మినహాయింపును త్రోసిపుచ్చుటయేగాక ఒక విలువైన సూత్రము చెప్పినది: ప్రకృతి స్థితిని మార్చబూనినవాడే తన పని వలన కీడు లేదని నిరూపింపవలెను, కీడు కలదని నిరూపించు భారము నీరు త్రాగువానిపై వేయరాదు. పత్తర్‌గట్టి బేరములో నున్న న్యాయమే ఇది. మన్నునని అమ్మువాడు చెప్పవలెను. మన్నదని కొనువాడు ఋజువు చేయనక్కరలేదు.

2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు ఉత్తరువుతో ఆ ఆంక్షలను సడలించినది. 2023 మేలో పాత ఉత్తరువును పూర్తిగా రద్దు చేయుటకు నాటి మంత్రివర్గము నిర్ణయించినది. నగరమునకు ఇప్పుడు నీరు కృష్ణనుండి, మంజీరనుండి, ఎల్లంపల్లి వద్ద గోదావరినుండి వచ్చుచున్నదనియు, జంట జలాశయముల వాటా చాల స్వల్పమనియు దీనికి చెప్పిన కారణము. వాటా స్వల్పమగుట వాస్తవమే. కాని ఈ వాదము ఆ జలాశయముల జాతకమునే మరచినది. అవి మొదట పుట్టినది దాహము తీర్చుటకన్న ముందు వరద నాపుటకు. త్రాగునీటికి పనికిరాని కారణమున వరద కాపలాను తొలగించుట, పగలు దొంగలు రారు గనుక రాత్రి తలుపు వేయనక్కరలేదనుట వంటిది. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి పంపులతో ఎత్తిపోసి తెచ్చుకొను నీరు కరెంటు ఉన్నంతవరకే నీరు. కొండవాలున తనంత దిగివచ్చు గండిపేట నీటికి ఆ బెంగ లేదు.

అయినను 84 గ్రామముల రైతుల మొరలో న్యాయమున్నది. దానిని పర్యావరణవాదులు తరచుగా తేలికగా త్రోసివేయుచున్నారు. పది కిలోమీటర్ల గీతకు అవతలి యెకరము కోట్లు పలుకుచుండగా ఇవతలి యెకరము గీతలో చిక్కుకొని యున్నది. కూతురి పెండ్లికో, కొడుకు చదువునకో అర యెకరము అమ్మదలచినవానికి ఈ గీత ఉరిత్రాడువలె తోచును. ఎవరికొరకు ఈ త్యాగము? నగరము కొరకు. ఆ త్యాగమునకు నగరమిచ్చినదేమి? ఏమియు లేదు. భారము పల్లెది, ఫలము పట్టణముది. దసబంధమున్నచోట ఈ ప్రశ్నయే పుట్టదు. ముడి లేని నిషేధము ఎంత మంచిదైనను మన్నదు. దానిని తెంచవలెనని కోరువారి సంఖ్య ఏటేట పెరుగుచునేయుండును. గీతను చెరిపివేసినచో లాభపడువారు కూడ ఎక్కువగా ఆ రైతులు కారు. ముందే తక్కువ వెలకు కొని కూర్చున్నవారు వేరే యుందురు.

అమెరికాలో న్యూయార్కు నగరము ఇట్టి చిక్కునే ఎదుర్కొన్నది. దాని నీటిలో పెక్కుభాగము దూరమందలి కాట్స్‌కిల్, డెలావేర్ కొండ ప్రాంతములనుండి వచ్చును. ఆ నీటిని వడబోయుటకు కోట్ల డాలర్ల యంత్రాగారము కట్టవలసి వచ్చినపుడు, నగరము 1997లో ఆ కొండప్రాంతపు ఊళ్లతో ఒడంబడిక చేసికొన్నది. రైతులు పశువుల పేడను వాగులలో కలియనీయక చూడవలెను, ఊళ్లు మురుగును శుద్ధి చేయవలెను. దానికగు వ్యయము నగరము భరింపవలెను. అమ్మదలచినవారి భూమిని నగరము తగిన వెలకు కొనవలెను. కర్మాగారము కట్టుటకన్న పల్లెకు చెల్లించుటయే చౌకయని వారు లెక్కవేసికొన్నారు. పేరు వేరు గాని, ఇది దసబంధమే.

హైదరాబాదులో 2021 జనవరినుండి గృహములకు నెలకు 20 వేల లీటర్ల వరకు నీరు ఉచితము. పేదలకు ఇది గొప్ప ఊరట, దానిని తప్పుపట్టరాదు. కాని కొలత మీటరు బిగించుకొన్న మేడకును అది ఉచితమే. నీరిచ్చుటకు ఖర్చు పెట్టు నగరము, నీరు నిలుపు నేలకు ఒక పైసా లెక్క వ్రాయలేదు. ఉత్తరువును ఉంచవలెనా, తీయవలెనా అను రెండు మాటల నడుమనే చర్చ ఎక్కువగా నడచినది. ఉంచి చెల్లింపవలెనను మూడవ మాట వినిపించుట అరుదు.

నదికి దిగువకు వచ్చినచో భారము మరియొక రూపము దాల్చును. 2024 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మూసీ తీర సుందరీకరణ పథకమునకై చాదర్‌ఘాట్, మూసానగర్ వంటి పేటలలో ఇండ్ల గోడలపై ఎఱ్ఱ గుర్తులు పడినవి. కొన్ని కుటుంబములకు రెండు పడకగదుల ఇండ్లిచ్చి తరలించిరి. నదిగర్భమున ఇండ్లుండరాదనుట నిజమే. వరద వచ్చినపుడు మొదట మునుగువారు వారే. కాని వారు అచ్చటికి వచ్చినది నది అందము చూచుటకు కాదు. కూలి దొరకు చోటికి దగ్గరలో మరెక్కడను తల దాచుకొను జాగా లేనందున. వారు పనిచేయునది ఏ బేగంబజారులోనో, ఏ పత్తర్‌గట్టిలోనో. ఊరి చివరనున్న కొత్త ఇంటినుండి ఆ పనికి వచ్చిపోవు బస్సు ఛార్జీ ఎవరి లెక్కలో పడినది? నదిని మురికి చేసినవారిలో వారి వంతు స్వల్పము. శుద్ధి చేయునపుడు మొదట కదలవలసినవారు మాత్రము వారే. ఇంకను దిగువకు, నల్లగొండ వైపు పోయినచో, నగరపు మురుగు కలిసిన మూసీ నీటితోనే పశువుల గడ్డియు, వరియు పండించు పల్లెలున్నవి. నగరము పాలు కొనునపుడు ఆ గడ్డి మరల నగరమునకే వచ్చుచున్నది.

పాఠశాలలలో ఈ విషయముపై వ్యాసము వ్రాయించినపుడు బిడ్డలు తప్పక వ్రాయు వాక్యమొకటి కలదు: పర్యావరణమును కాపాడుట మనందరి బాధ్యత. రాజ్యాంగమును అట్లే అన్నది. 1976లో 42వ సవరణ ద్వారా 48-ఎ అధికరణము ఆ బాధ్యతను రాజ్యముపైన, 51-ఎ అధికరణము పౌరులపైన ఉంచినది. ఆ వాక్యము వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు పడును. అందరును అందలమెక్కిన మోయువారెవరని మనవారడిగిరి. ఈ ‘మనందరము’లో గండిపేట ఒడ్డున వేల గజముల తోట గలవాడును ఉన్నాడు, మూసానగరపు రేకుల ఇంటివాడును ఉన్నాడు. ఇద్దరికిని ఒకే బరువు పంచుట సమానత్వమువలె కనిపించును, కాని న్యాయము కాదు. ఉపాధ్యాయులు ఆ వాక్యము దగ్గర బిడ్డను ఒక్క నిమిషమాపి, ‘మన ఊరి చెరువు కట్టను ఈ యేడు ఎవరు చూడవలెను? వారి పేరేమి? వారికేమి ముట్టుచున్నది?’ అని అడిగినచో వ్యాసము కొంత చిన్నదగును. ప్రధానోపాధ్యాయుడు చెట్టు నాటించి తీయించు ఛాయాచిత్రము కన్న అది మేలు. నాటినది ఎవరో చిత్రములో తెలియును గాని, మరుసటి వేసవిలో నీరు పోసినది ఎవరో తెలియదు.

నీరు పోయనిచో ఏమగునో పత్తర్‌గట్టికి కొద్ది దూరమున, నదికి ఆవలి యొడ్డుననే కనిపించుచున్నది. వరద తరువాతి కాలమున గొప్పగా వెలసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికి 2020 జూలైలో వాననీరు చేరినది. మంచములపై రోగులుండగా నీరు పాదములెత్తు నిలిచిన చిత్రములను దేశమంతయు చూచినది. ఆ నెలలోనే భవనమును ఖాళీ చేయించిరి. 2025 జనవరిలో గోషామహలులో కొత్త ఆసుపత్రికి పునాది వేసిరి. పాత భవనము రాయి చెడలేదు. ఏటేట పైకప్పు కుట్టు వేయు చేయి ఆగిపోయినది.

పత్తర్‌గట్టి కమానుల రాయియు చెడలేదు. నామఫలకములు కమానుల నుదుళ్లను కప్పినవి, తీగెలు గూళ్లవలె వ్రేలాడుచున్నవి, దుకాణపు సరకు నీడలోనికి జరిగి బాటసారిని ఎండలోనికి నెట్టినది. ఒక్కొక్క వర్తకుడును తన వాకిలి తుడుచుకొనును. బజారు ముఖము మాత్రము ఎవరి వాకిలియు కాదు. దానిని కట్టిన నగరాభివృద్ధి మండలి 1960 నాటికే గృహనిర్మాణ మండలిగా మారిపోయినది. నదికి, వీధికి, మురుగుకాలువకు కలిపి జవాబు చెప్పిన ఆ ఒక్క గుమ్మము స్థానమున నేడు జలమండలి, నగరపాలక సంస్థ, మహానగరాభివృద్ధి సంస్థ, నీటిపారుదల శాఖ, మూసీ సంస్థ అని పెక్కు గుమ్మములున్నవి.

2025 సెప్టెంబరు 26 రాత్రి ఎగువ వానలకు జంట జలాశయముల తలుపులు తెరచిరి. మూసీ పొంగి, రెండు పాయల నడుమ కట్టిన మహాత్మాగాంధీ బస్సు నిలయము ప్రాంగణములోనికి వచ్చినది. బతుకమ్మ, దసరా పండుగలకు ఊళ్లకు బయలుదేరిన ప్రయాణికులు మూటలు నెత్తిన బెట్టుకొని నీటిలో నిలిచిరి. వారిని త్రాళ్ల సాయమున బయటికి దాటించిరి. మూసానగరములో జనులు సామాను సర్దుకొని ఎత్తు ప్రదేశములకు చేరిరి. తెల్లవారిన తరువాత పత్తర్‌గట్టి దుకాణములు ఎప్పటివలెనే తెరచుకొన్నవి.